ఖాళీ ఉందన్న కబురు: బందరు, గుడివాడ, దివిసీమలలో ఉద్యోగాల వేట

పరిచయం

ఈ పాఠాన్ని ఒక ఊహతో మొదలుపెడదాం. దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పల్లె. రాత్రి పది దాటింది. మీలాంటి విద్యార్థిని ఒకామె ఇంట్లో అందరూ పడుకున్నాక ఫోను పట్టుకుని ఒక కంపెనీకి దరఖాస్తు నింపుతోంది. పేరు, పుట్టిన తేదీ, పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు అన్నీ అయ్యాయి. తరువాతి గడిలో డిగ్రీ ఎలా చదివారని అడిగి, రెండే జవాబులు ఇచ్చారు: రెగ్యులర్, డిస్టెన్స్. రెండోది నొక్కగానే మీరు ఈ ఉద్యోగానికి అర్హులు కారని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎందుకని అడగడానికి అవతల మనిషి లేడు, ఫోను నంబరు లేదు. ఆ సైటు మూసేసి ఆమె ఇంకొకటి తెరిచింది. అందులో ఉచితంగా ఇంటర్వ్యూ పాఠాలు, రెజ్యూమె నమూనాలు, ఇంగ్లీషు సాధన, ఎక్సెల్ నేర్పే వీడియోలు ఉన్నాయి. అర్ధరాత్రి దాకా వాటిలో మునిగిపోయింది. పడుకునేసరికి చిరాకు సగం పోయింది.

ఇందులో చరిత్ర ఏముందని మీకు అనిపించవచ్చు. ఆ చిరాకు, ఆ ఉత్సాహం రెండూ కొత్తవి కావు. ఉద్యోగాల చరిత్ర చదివేటప్పుడు రెండు ప్రశ్నలను విడివిడిగా అడగడం అలవాటు చేసుకోండి. ఖాళీ ఉందన్న కబురు ఎవరెవరికి చేరింది? కబురు చేరినవారిలో ఎవరిని తీసుకోవాలో ఎవరు, ఏ కొలతతో నిర్ణయించారు? సాధారణంగా మనం ఈ రెంటినీ కలిపేస్తాం. కబురు అందరికీ చేరితే ఎంపిక కూడా న్యాయంగా ఉంటుందనుకుంటాం. కృష్ణా డెల్టా దిగువ భాగంలో గత నాలుగు వందల ఏళ్ళలో ఏం జరిగిందో చూస్తే, ఆ రెండూ ఎప్పుడూ ఒకే వేగంతో నడవలేదని తెలుస్తుంది.

కంపెనీ దిగిన రేవు

'కంపెనీ ఉద్యోగం' అనే మాటకు తెలుగు నేల మీద బందరుకున్నంత పాత చరిత్ర ఉన్న ఊళ్ళు అరుదు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం తూర్పు తీరపు పెద్ద రేవు. 1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ 1605లో ఇక్కడికి వచ్చింది. 1600లో పుట్టిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. వాళ్ళకు కావలసినవి ఈ ప్రాంతపు నేత బట్టలు, అద్దకం బట్టలు.

కంపెనీ తన ఇంగ్లీషు ఉద్యోగులను ఎలా తీసుకునేదో గమనించండి. అందరికన్నా కింది మెట్టు 'రైటరు'ది, అంటే లెక్కలు, ఉత్తరాలు రాసే కుర్రవాడిది. పై మెట్లు ఫాక్టరు, మర్చంటు. రైటరు ఉద్యోగానికి పరీక్ష లేదు. లండనులో కూర్చున్న డైరెక్టర్లలో ఒకరు పేరు సూచించాలి. తెలిసిన డైరెక్టరు లేకపోతే ఖాళీ ఉన్నా లేనట్టే. చేరేవాడు ఒప్పందం మీద సంతకం చేసి, పూచీదార్లను చూపించాలి. 1744లో మద్రాసులో దిగిన రాబర్ట్ క్లైవ్ అలాంటి రైటరే. అతని జీతం ఏడాదికి 5 పౌన్లు. ఆ జీతంతో ఎవరూ బతకలేరని కంపెనీకీ తెలుసు, చేరేవాళ్ళకూ తెలుసు. అసలు సంపాదన సొంత వ్యాపారంలో ఉండేది. ఈ రోజు ఆఫర్ లెటరుతోపాటు రెండేళ్ళ బాండు రాయించుకునే కంపెనీల గురించి విన్నప్పుడు, ఆ పద్ధతి ఎంత పాతదో గుర్తు చేసుకోండి. ఈ సిఫారసు పద్ధతి పోయి లండనులో పోటీ పరీక్షలు మొదలైంది 1855లో.

మరి స్థానికులు? కంపెనీకీ నేతగాళ్ళకూ మధ్య దుబాసీలు ఉండేవారు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. భాషతోపాటు అతని చేతిలో ఉన్న అసలు ఆస్తి పరిచయాలు. ఏ నేతగాడికి బయానా ఇవ్వాలో, ఎవరిని గుమాస్తాగా పెట్టుకోవాలో అతని మాట మీద నడిచేది. ఖాళీ కబురు, ఎంపిక రెండూ ఒకే మనిషి గుప్పిట్లో ఉన్న కాలం అది. మధ్యవర్తి అనే ఈ పాత్ర తరువాత ఎన్నో వేషాలు మార్చింది. నేటి మ్యాన్‌పవర్ కన్సల్టెన్సీ వాటిలో ఒకటి.

ఇంగ్లీషు బడి, కలెక్టరు కచేరీ

1843లో చర్చి మిషనరీ సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లీషు పాఠశాల ప్రారంభించారు. అదే తరువాత నోబుల్ కళాశాల అయింది. మరుసటి ఏడాది, 1844లో, గవర్నర్ జనరల్ హార్డింజ్ ఇంగ్లీషు చదువుకున్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని తీర్మానం చేశాడు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన ఉండటం యాదృచ్ఛికమే. కానీ బందరు తల్లిదండ్రులకు అది ఒకే సంగతిగా కనిపించి ఉంటుంది: చదువంటే ఉద్యోగం, ఉద్యోగమంటే ఇంగ్లీషు.

ఆ తరువాతి పదిహేనేళ్ళలో డెల్టా రూపురేఖలు మారిపోయాయి. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది. 1859లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా ఏర్పడింది. కాలువల కింద పన్ను లెక్కలు పెరిగాయి, లెక్కలు రాసేవాళ్ళూ పెరిగారు. అయితే కచేరీ గుమాస్తా ఖాళీ గురించి ముందుగా ఎవరికి తెలుస్తుంది? అప్పటికే కచేరీలో పనిచేసేవాడి బావమరిదికి. ఇది వెటకారం కాదు. పొరుగున ఉన్న గుంటూరు జిల్లా 1788 నుంచి 1848 దాకా ఎలా నడిచిందో పరిశోధించిన రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్, కొన్ని కుటుంబాలు బంధుత్వాల ద్వారా కచేరీలను ఎలా అల్లుకుపోయాయో, పైనున్న కలెక్టరుకు సంగతులు తెలియకుండా ఎలా కట్టడి చేశాయో వివరంగా చూపించారు. చదువు బడిలో దొరికేది, కబురు మాత్రం ఇంట్లో దొరికేది.

బడికి వెళ్ళే వీలు లేని కులాలకు, దాదాపు ఆడపిల్లలందరికీ ఈ రెండూ దొరకలేదన్నది మరచిపోకూడదు. ఉద్యోగాల్లో తమ వాటా కావాలన్న అడుగు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది తెలుగువారిది. మద్రాసు ప్రభుత్వ కొలువుల్లో తమకు తగినన్ని దక్కడం లేదన్న అసంతృప్తి, 1913లో బాపట్లలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు దారితీసిన కారణాల్లో ఒకటి. 1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు బందరులో ప్రారంభించిన కృష్ణా పత్రిక ఇటువంటి చర్చలను ఊళ్ళకు చేర్చింది. రెండోది బ్రాహ్మణేతరులది. జస్టిస్ పార్టీ మంత్రివర్గం 1921లో నియామకాల్లో వివిధ వర్గాలకు వాటా ఇచ్చే ఉత్తర్వు తెచ్చింది. 1929లో మద్రాసులో సర్వీసు కమిషన్ ఏర్పడింది. భారతదేశపు రాష్ట్రాల స్థాయిలో అదే మొదటిది. ఎంపిక చేసే అధికారాన్ని శాఖాధిపతి బల్ల మీద నుంచి తీసి, ఒక సంస్థ చేతిలో పెట్టడం అప్పట్లో చిన్న మార్పు కాదు.

గుర్తింపు లేని చదువు, సొంత బ్యాంకు

ఈ వేటలో పడకుండా వేరే దారి వెతికినవారూ బందరులోనే ఉన్నారు. దూరవిద్యలో చదివే మీకు ఈ భాగం ఎక్కువ దగ్గరగా ఉంటుందని నా ఉద్దేశం.

1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య తదితరులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. ప్రభుత్వ గుర్తింపు మీద ఆధారపడని చదువు, చేతిపనులు నేర్పే చదువు కావాలన్నది వారి ఆలోచన. జాతీయ పతాక రూపశిల్పి పింగళి వెంకయ్య కూడా అక్కడ పనిచేశారు. ఆశయం గొప్పది. కానీ అక్కడి పట్టాతో ప్రభుత్వ కొలువు రాదు. బిడ్డను అక్కడ చేర్చాలంటే ఒక ఇంటికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. జాతీయ కళాశాల చరిత్రను సాధారణంగా త్యాగాల కథగానే చెబుతారు. పట్టా విలువను ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్నగా కూడా దాన్ని చదవవచ్చు.

పట్టాభి సీతారామయ్య ఇంకో అడుగు వేశారు. ఆయన వైద్యుడు, బందరులో ప్రాక్టీసు ఉండేది. దాన్ని వదిలి జాతీయోద్యమంలోకి వచ్చారు. 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది. అదే నెల 28న మచిలీపట్నంలో పని మొదలుపెట్టింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించినది 1 లక్ష. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ వచ్చింది. ఇంగ్లీషు కంపెనీ కొలువు కోసం ఎదురుచూసిన ఊళ్ళో తెలుగువారే కొలువులిచ్చే కంపెనీలు పెట్టారన్నమాట.

ఆ తరువాత ఏం జరిగిందో త్వరగా చెప్పుకుందాం. 1956లో జీవిత బీమా జాతీయమై ఎల్‌ఐసీ ఏర్పడింది. దాని డివిజను కార్యాలయం ఒకటి బందరులోనే ఉంది. 1980లో ఆంధ్రా బ్యాంకు జాతీయమైంది. 2011 నుంచి ప్రభుత్వ బ్యాంకుల గుమాస్తా, ఆఫీసరు ఉద్యోగాలకు ఐబీపీఎస్ ఉమ్మడి పరీక్ష పెడుతోంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బందరు బ్యాంకులో ఉద్యోగానికి బందరు పెద్దమనిషి ఉత్తరం అక్కరకు రావడం పోయి, దేశమంతటికీ ఒకే పరీక్ష వచ్చింది. ఇందులో లాభం ఎవరిది, నష్టం ఎవరిది అన్నది మీరు తోటి విద్యార్థులతో చర్చించవలసిన విషయం. ఉత్తరం తెచ్చుకోగలిగిన ఇంటివారికి నష్టం, అలాంటి ఇల్లు లేనివారికి లాభం అని నేననుకుంటాను.

ఇక్కడ గుడివాడ సంగతి ఒకటి. కాలువల కింద వరి పండించిన కుటుంబాల పిల్లలకు దగ్గరలో కాలేజీ కావాలని 1950లో గుడివాడలో కళాశాల పెట్టారు. తరువాత దానికి అక్కినేని నాగేశ్వరరావు పేరు పెట్టారు. గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన ఆయన ప్రాథమిక పాఠశాలతోనే చదువు ఆపారు. నాటకాల్లో వేషాలు వేస్తున్న రోజుల్లో విజయవాడ రైల్వే స్టేషనులో నిర్మాత ఘంటసాల బలరామయ్య కంటపడి సినిమాలోకి వెళ్ళారు. ఏ ఆన్‌లైన్ దరఖాస్తూ ఆయనను లోపలికి రానిచ్చేది కాదు. వేలమంది డిగ్రీలు తీసుకున్న కాలేజీకి ఆయన పేరు ఉంది.

ఎంప్లాయ్‌మెంట్ కార్డు

మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఉంటే, అందులో ఒక మడతపడిన కార్డు ఉండే అవకాశం ఎక్కువ. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు పని చూపించడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. 1948లో వాటిని అందరికీ తెరిచారు. 1956లో వాటి నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, 25 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజీకి తెలియజేయవలసి ఉండేది. ఖాళీ కబురు చెప్పడం యజమానికి చట్టపు బాధ్యత కావడం ఇక్కడ కొత్త విషయం. అయితే ఆ చట్టంలోనే ఇంకో మాట కూడా ఉండేది. ఎక్స్ఛేంజీ పంపినవారినే తీసుకోవాలన్న నిర్బంధం యజమానికి ఉండేది కాదు. చెప్పవలసి ఉండేది, అంతే.

దివిసీమ నుంచి బందరుకు వచ్చి పేరు నమోదు చేయించుకోవడం ఒక రోజు పని. ఆ తరువాత గడువు తీరినప్పుడల్లా రెన్యువల్. మరిచిపోతే సీనియారిటీ పోతుంది. పిలుపు ఏళ్ళ తరబడి రాదు. పిలుపు వచ్చిందంటే ఊరంతా తెలిసేది. ఎక్స్ఛేంజీ గుమాస్తా చేతిలో కొత్త అధికారం పుట్టింది: జాబితాలో ఎవరి పేరు పంపాలన్నది. దుబాసీ పోయాడు గాని, దుబాసీ కూర్చునే కుర్చీ అక్కడే ఉంది.

ఈ జాబితా గురించి సుప్రీంకోర్టు రెండుసార్లు చెప్పిన మాటలు చూడండి. ప్రభుత్వ ఉద్యోగాలకు ఎక్స్ఛేంజీ పంపినవారినే పరిశీలిస్తామనడం సమానత్వ హక్కుకు విరుద్ధం కాదని 1987లో కోర్టు అన్నది. ఎక్స్ఛేంజీలు దేశమంతటా ఉన్నాయి, ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, కాబట్టి ఇది ఒక క్రమపద్ధతేనన్నది దాని తర్కం. తొమ్మిదేళ్ళ తరువాత, 1996లో, ఇదే ప్రశ్న మళ్ళీ కోర్టు ముందుకు వచ్చింది. ఈసారి వచ్చినది మన జిల్లా నుంచే. కేసులో ఒక పక్షం కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్. పేరు నమోదై ఉన్నా, ఎక్స్ఛేంజీ తమ పేరు పంపకపోవడం వల్ల ఎంతోమందికి అవకాశమే రావడం లేదన్నది అందరికీ తెలిసిన సంగతేనని కోర్టు ఈసారి గుర్తించింది. అందువల్ల ఎక్స్ఛేంజీకి ఎలాగూ తెలియజేయాలి, దానితోపాటు విస్తృతంగా చదివే పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టాలి లేదా రేడియో, టెలివిజన్, ఉద్యోగ వార్తల పత్రికల ద్వారా చెప్పాలి, వచ్చిన అందరినీ పరిశీలించాలి అన్నది.

ఈ తీర్పును తరువాతి కాలంలో దేశమంతటా కోర్టులు ఉదహరించాయి. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఇది అంతగా కనబడదు. పెద్ద ఉద్యమం కాదు, ఊరేగింపు లేదు, శిలాఫలకం లేదు. ఒక జిల్లా శాఖలో కొన్ని ఉద్యోగాల కోసం మొదలైన తగాదా, ఖాళీ కబురు అందరికీ చేరాలన్న నియమాన్ని బలపరిచింది. రేపు మీరు ఏ ప్రభుత్వ ప్రకటన చూసినా, అది పత్రికలో పడటం వెనుక కృష్ణా జిల్లా పేరున్న ఈ కేసు కూడా ఉందని గుర్తుంచుకోండి.

కాగితం గురించి ఒక్క మాట. ఈ తీరంలో సర్టిఫికెట్టు పోవడమంటే పొరపాటున పారేసుకోవడం మాత్రమే కాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమందిని బలిగొన్నది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేల ప్రాణాలు పోయాయి. మనుషులే కొట్టుకుపోయినచోట కాగితాల మాట ఎవరెత్తుతారు? కానీ బతికి బయటపడిన యువకుడు మర్నాటి నుంచి తాను ఫలానా పరీక్ష పాసయ్యానని ఎలా రుజువు చేసుకోవాలి? 2015లో వచ్చిన డిజిలాకర్‌ను చూసి నగరంలోని విద్యార్థి సౌకర్యమనుకుంటాడు. హంసలదీవి, సొర్లగొంది వైపు వాళ్ళకు అది అంతకన్నా ఎక్కువ.

నెట్ సెంటరు నుంచి ఫోను దాకా

భారతదేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. అదే ఏడాది గుడివాడ, బందరుల మధ్య గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది. 2000 సంవత్సరం తేదీ మార్పు వల్ల కంప్యూటర్లు తప్పు లెక్కిస్తాయన్న భయం అమెరికాలో ప్రోగ్రామర్లకు గిరాకీ పెంచింది. డెల్టా నుంచి కుర్రవాళ్ళు హైదరాబాదు అమీర్‌పేటకు బస్సెక్కారు. ఒక తరానికి టైపు ఇన్‌స్టిట్యూట్ లోయరు, హయ్యరు ఎలాగో, తరువాతి తరానికి జావా, ఒరాకిల్ అలాగ. ఇప్పుడు పైథాన్.

ఆ రోజుల్లో పదో తరగతి, ఇంటర్ ఫలితాల రోజున నెట్ సెంటర్ల ముందు గుమిగూడిన జనాన్ని చూసినవారికి ఇంటర్నెట్ మీద మొదటి ప్రేమ ఎలా పుట్టిందో తెలుసు. మర్నాటి పేపరు దాకా ఆగనక్కరలేదు. హాల్ టికెట్ నంబరు కొడితే చాలు. కాలేజీలో నోటీసు బోర్డు దగ్గర తోసుకునే పని లేదు, గుమాస్తాను బతిమాలే పని లేదు.

ఇంకో సంతోషం భాషది. 1990ల తొలినాళ్ళలోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయానికి చెందిన తెలుగు విద్యార్థులు, ఇంగ్లీషు కీలతో తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ అనే పద్ధతి తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో లేఖిని అనే ఉపకరణం వచ్చింది. ఒక పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్క పెట్టెలో తెలుగు కనబడేది. ఏ ఫాంటూ కొనకుండా, ఎవరి అనుమతీ అడగకుండా తెలుగు మీడియం విద్యార్థి తన మాటను తెర మీద తన లిపిలో చూసుకున్నాడు. పెద్ద కంపెనీలు చేసిపెట్టిన పని కాదిది. ఉద్యోగం చేసుకుంటూనో, చదువుకుంటూనో తీరిక వేళల్లో కొందరు చేసి, ఉచితంగా పంచిన పని. ఇంటర్నెట్ ఉపకరణాల మీద విద్యార్థుల ఉత్సాహాన్ని తేలిగ్గా తీసుకునే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

అయితే కంపెనీల నియామకాల్లో ఇదే ఇంటర్నెట్ మరోలా పనిచేసింది. ఒకప్పుడు ఒక ఖాళీకి వందమంది దరఖాస్తు చేస్తే, నెట్టులో వేలమంది చేయగలుగుతారు. అన్ని దరఖాస్తులు మనిషి చదవలేడు. కాబట్టి జల్లెడ పెట్టారు: పదో తరగతి నుంచి డిగ్రీ దాకా ప్రతిచోటా 60 శాతం, ఈ సంవత్సరం పాసైనవాళ్ళే, చదువులో ఖాళీ సంవత్సరం ఉండకూడదు, బ్యాక్‌లాగ్ ఉండకూడదు. తరువాత ఆ జల్లెడను కూడా సాఫ్ట్‌వేరుకే అప్పగించారు. ప్రకటనలో ఉన్న మాటలు రెజ్యూమెలో ఉన్నాయా లేదా అని అది వెతుకుతుంది. వరి కోతల కాలంలో ఇంటి పని వల్ల ఒక ఏడాది పరీక్ష తప్పిన అమ్మాయి కథ చెప్పుకోవడానికి అక్కడ గడి లేదు.

క్యాంపస్ నియామకాలు ఈ జల్లెడకు ముందే ఇంకొకటి కట్టాయి. కంపెనీ కొన్ని కాలేజీలకే వస్తుంది. పల్లెలో ఉన్న డిగ్రీ కాలేజీకి, అధ్యయన కేంద్రానికి రాదు. అంటే ఆ కబురు మళ్ళీ గోడల లోపలే తిరుగుతుంది. లోపలికి వెళ్ళినవారికీ భరోసా తక్కువ. 2008-09 మాంద్యంలోనూ, 2022 తరువాతి మందగమనంలోనూ ఆఫర్ లెటరు పట్టుకుని చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసినవారు ఎందరో. ఈ ఎదురుచూపుల మధ్య 'బ్యాక్‌డోర్' అనే మాట మన ఊళ్ళలో మామూలైపోయింది. లక్షలు తీసుకుని ఉద్యోగం ఇప్పిస్తామనే దళారికి పొలం అమ్మి కట్టినవారిని మీరూ చూసే ఉంటారు. దొడ్డిదారి ఎందుకు పుట్టిందని అడిగితే, ముందు గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో బయటివాళ్ళకు కనిపించకపోవడం ఒక పెద్ద కారణం.

అవనిగడ్డ దారి

కంపెనీల కోసం డెల్టా నుంచి హైదరాబాదుకు బస్సు వెళ్తుంటే, ఎదురు దిశలో ఇంకో బస్సు దివిసీమకు వస్తుంటుంది. అవనిగడ్డ ఉపాధ్యాయ నియామక పరీక్ష, అంటే డీఎస్సీ, శిక్షణకు రాష్ట్రమంతటా పేరున్న ఊరు. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి అభ్యర్థులు వచ్చి, గదులు అద్దెకు తీసుకుని, మెస్సులలో తింటూ నెలల తరబడి చదువుతారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటికి కొద్ది దూరంలో, ఫ్యాక్టరీ గొట్టం ఒకటీ లేని ఊరు ఒక పరీక్ష మీద బతకడం చూడదగ్గ సంగతి.

వాళ్ళు కంపెనీ కాకుండా డీఎస్సీ ఎందుకు ఎంచుకున్నారు? జీతం, భద్రత ఒక కారణం. ఇంకోటి కూడా ఉంది. డీఎస్సీలో సిలబసు ముందే తెలుసు, మార్కులు తెలుస్తాయి, జవాబుల కీ బయటపెడతారు, అభ్యంతరం చెప్పవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పరీక్ష రాసినవారు తమ జవాబు పత్రాన్ని చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. ఓడినా ఎక్కడ ఓడామో తెలుస్తుంది. ఇది చాలా పెద్ద ఊరట. పైన నాగాయలంక అమ్మాయికి దొరకనిది అదే.

అలాగని ఈ దారిని పూలబాట చేసి చూపించకూడదు. 1998 డీఎస్సీలో అర్హత పొంది, వివాదాల్లో చిక్కుకున్న అభ్యర్థులకు ఉద్యోగం ఇచ్చే ఫైలు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సంతకం చేసింది 2022లో. ఇరవై నాలుగేళ్ళు. అప్పటికి చాలామంది యాభై దాటారు. 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ వచ్చినప్పుడు పరీక్ష పూర్తిగా కంప్యూటరు మీదే జరిగింది. ఉపకరణం మారింది. ప్రకటన ఎప్పుడొస్తుందన్న ఎదురుచూపు మాత్రం ఎక్స్ఛేంజీ కార్డు కాలం నాటిదే.

మీ పట్టా సంగతి

చివరగా మొదటి పేజీలోని ఆ రెండు జవాబుల గడికి వద్దాం. భారతదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్‌లోనే ఏర్పడింది. 1991 నుంచి దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ఉంది. పొలం పనిలో, కొట్టులో, వంటింట్లో ఉన్నవారికి డిగ్రీ చదివే వీలు కల్పించడం దాని ఉద్దేశం. గుర్తింపు ఉన్న సంస్థలు దూరవిద్య ద్వారా ఇచ్చే డిగ్రీలు, పీజీలు మామూలు విధానంలో ఇచ్చేవాటితో సమానమని యూజీసీ 2020 నిబంధనలు చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో యూజీసీ ఇదే మాటను మళ్ళీ ప్రకటన ద్వారా స్పష్టం చేసింది. ప్రభుత్వ నియామకాల్లో ఎవరైనా మీ పట్టాను పక్కనపెడితే చూపించడానికి మీ చేతిలో కాగితం ఉంది. ప్రైవేటు కంపెనీ జల్లెడలో ఏ నియమం పెట్టిందో అడిగే హక్కు మాత్రం మీకు ఇప్పటికీ చట్టంలో లేదు. 1996 తీర్పు ప్రభుత్వ ఉద్యోగాల కబురును గోడల బయటికి తెచ్చింది. కంపెనీ ఎంపిక గది తలుపు తట్టిన కేసు ఇంకా రావలసి ఉంది.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో లేదా మీ వీధిలో మూడు తరాలవారిని ఎంచుకోండి. తమ మొదటి ఉద్యోగం లేదా పని గురించిన కబురు ఎవరి ద్వారా తెలిసిందో, ఎవరు ఎంపిక చేశారో, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పారా అని ఒక్కొక్కరినీ అడిగి, వారి మాటల్లోనే రాసుకోండి. ఎంప్లాయ్‌మెంట్ కార్డు, పిలుపు ఉత్తరం, హాల్ టికెట్ వంటివి దొరికితే వాటి మీద ఉన్న తేదీలు, సంతకాలు, షరతులు నకలు చేయండి. ఆ తరువాత ఈ వారం మీ ఫోనులో వచ్చిన ఏదైనా ఒక ఉద్యోగ ప్రకటన తీసుకుని, అవే మూడు ప్రశ్నలకు జవాబులు అందులో ఉన్నాయేమో వెతకండి. అధ్యయన కేంద్రంలో జరిగే తరువాతి తరగతికి వీటిని వెంట తీసుకురండి.